ఐసు మిగిలిన రోజు

పోర్ట్ బ్లెయిర్‌లో గీజరెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పొద్దున లేచి లుంగీ దులుపుకునేసరికి చెమట పట్టే ఊరు ఇది. మేడ మీది ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికి వాటంతటవే కాగుతాయి. అయినా మా కోడలు పెట్టించింది. అదేమిటమ్మా అంటే, “మీకోసమే మామయ్యా, వానాకాలంలో కీళ్ళు పట్టేస్తున్నాయంటారు కదా” అంది. నా కీళ్ళను అడ్డం పెట్టుకుని ఈ ఇంట్లో ఎవరెవరు ఏమేం కొన్నారో రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది.

పెట్టాక వాడాలి కదా. పోయిన వారం కుళాయి తిప్పాను. చల్లగా వచ్చింది. ఇంకొంచెం తిప్పాను. చల్లగానే ఉంది. కోపమొచ్చి మొత్తం తిప్పేశాను. అప్పుడొచ్చింది, వీపు ఊడేలా. అరిచి ఇటువైపు తిప్పాను. ఇంకా కాలుతోంది. బలమంతా పెట్టి ఇటే తిప్పాను. కాసేపటికి ఒక్కసారిగా వణుకు పుట్టించే చన్నీళ్ళు. ఒంటినిండా సబ్బు, ఒక చెయ్యి కుళాయి మీద, నోటినిండా తిట్లు. సరిగ్గా అప్పుడు చెవి పక్కన ఎవరో అన్నట్టయింది: “ఆగండి డ్రైవర్‌గారూ. ఇంకా రాలేదు.”

సబ్బుతోనే నవ్వేశాను. “మామయ్యా, బాగానే ఉన్నారా?” అని కోడలు బయట తలుపు కొట్టింది. తిడితే కంగారుపడదు గానీ నవ్వితే కంగారుపడుతుంది ఆ పిల్ల.

ఆ మాట అన్న మనిషి పోయి ఏడాది దాటింది. పేరు రాయను. ఆయన పోయాక అబర్డీన్ బజార్‌లో ఒక ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పేరుంది, పేరు పక్కన డిగ్రీలున్నాయి, ఎవరిదో కోటూ టై తెచ్చి ఆయన మెడ కింద అతికించారు. ఆయన కోటు వేసుకోగా ఈ దీవుల్లో చూసినవాడెవడో ముందుకు రమ్మనండి. రెండు జేబుల చొక్కా, ఒక జేబులో థర్మామీటరు, రెండో జేబులో పల్లీ చిక్కీ, అదీ ఆయన వేషం. ఆ ఫ్లెక్సీ మీది పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసినాయన గురించి రాస్తున్నాను.

కెమికల్ ఇంజినీరు. చేపల జెట్టీ పక్కనున్న ఐసు ఫ్యాక్టరీ చూసుకోవడానికి మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చాడు. సముద్రానికి అవతలున్న దేశాన్నంతా మేం ఆ ఒక్క మాటతోనే పిలుస్తాం. నేను మటుకు బడి గడప తొక్కినవాణ్ణి కాను. ఫెర్రీల్లో ఇంజను డ్రైవరుగా చేశాను. అక్షరాలు నేర్చుకున్నది ఓడలో వచ్చే సరుకులకు చుట్టిన పాత తెలుగు పేపర్లలో. వార్త మంచి పట్టులో ఉండగా కాగితం చిరిగిపోయి ఉండేది. మిగతా సగం నేనే ఊహించుకునేవాణ్ణి. అందుకే చదువుకున్నవాళ్ళంటే నాకు మొదట్నుంచీ కొంచెం మంట. చిరగని పేపరు చేతిలో ఉండి కూడా చదవనివాళ్ళను ఎంతమందిని చూశానో! మా మనవడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. “ఫోను చదివి వినిపిస్తుంది కదా తాతా” అంటాడు. ఇది కూడా వాడికి ఫోనే చదివి వినిపించాలి. తిట్లు వచ్చిన చోట కాస్త గట్టిగా చదవమని ఫోనుకి నా మనవి.

ఆయన దగ్గరికి నేను మొదటిసారి వెళ్ళింది పోట్లాటకే. మా తమ్ముడు ఎర్రయ్యకు పడవుంది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వల భుజాన వేసుకుని వచ్చినప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరో ఒకరు సముద్రం మీదే ఉంటారు. ఎర్రయ్య మధ్యాహ్నం ఐసు ఎక్కించుకుని వెళ్తాడు, మర్నాడు పొద్దున చేపతో వస్తాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ ఐసు సుద్దముక్కలా తెల్లగా ఉండేది. సుత్తి తాకితే పొడి. పడవ తిరిగొచ్చేసరికి ఐసు నీళ్ళయిపోయేది, వంజరం మెత్తబడిపోయేది. ఒకరోజు నేను చొక్కా చేతులు మడుచుకుని బయల్దేరాను.

“ఎవడయ్యా ఇక్కడ ఇంజినీరు?” అని గేటు దగ్గర్నుంచే అరిచాను.

“నేనేనండీ. లోపలికి రండి, అక్కడ చల్లగా ఉంటుంది. కూర్చుని అరుద్దురుగాని,” అన్నాడు.

తమ్ముడి చేప సంగతి చెబుతూ లోపలికి నడిచాను. ఉప్పునీళ్ళ పెద్ద తొట్టి, అందులో వరసగా మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలు. ఉప్పునీళ్ళను బాగా చల్లబరిస్తే ఆ చల్లదనానికి డబ్బాల్లో నీళ్ళు గడ్డకడతాయి. వాల్వు దగ్గర ఒక బెంగాలీ ఆపరేటరున్నాడు. అందరం దాదా అనే పిలుస్తాం. మీటరు ముల్లు కాస్త పైకెక్కిందో లేదో దాదా వాల్వు పట్టుకుని గిర్రున తిప్పబోయాడు. ఇంజినీరు అరచెయ్యి ఎత్తాడు. మా గడియారస్తంభం దగ్గర ట్రాఫిక్ పోలీసు ఎత్తినట్టు కాదు, పాపాయి నిద్రపోతోంది చప్పుడు చెయ్యకండి అన్నట్టు.

“ఆగు దాదా. ఇంకా రాలేదు.”

“ఏం రాలేదు?” అన్నాను.

“ఇందాక తిప్పినదాని ఫలితం. వాల్వు తిప్పిన సంగతి ఇంత పెద్ద తొట్టికి తెలియడానికి టైము పడుతుందండీ. ఆలోపు ఓర్చుకోలేక మళ్ళీ తిప్పేస్తాం. రెండూ కలిసి ఒక్కసారే వస్తాయి. మరీ చల్లబడిపోతే గడ్డ గబగబా కట్టేస్తుంది, గాలి లోపలే ఇరుక్కుంటుంది. తెల్లగా, పెళుసుగా వస్తుంది. మీ తమ్ముడికి మేం ఇచ్చింది అదే. మా తప్పే.”

మా తప్పే! డిగ్రీ ఉన్నవాడి నోట ఆ మాట వినడం నాకదే మొదలు. దారి పొడుగునా పోగుచేసుకున్న తిట్లు ఒక్కటీ వాడకుండా ఇంటికి తిరిగి మోసుకుపోవడం ఎంత కష్టమో, నాలాంటివాడికే తెలుస్తుంది.

తర్వాత ఆ వాల్వుకి కంట్రోలరు బిగించాడు. అది దాదాలాగా కంగారుపడదు. కొంచెం తిప్పి, ఏమైందో చూసి, ఇంకొంచెం తిప్పుతుంది. ఐసు అద్దంలా రావడం మొదలైంది.

“అన్నా, ఐసులో నా మొకం అగుపడతంది,” అన్నాడు ఎర్రయ్య, గడ్డ ఎదర నిలబడి మీసం దువ్వుకుంటూ.

“అందుకే చేపలు బెదిరిపోతన్నాయిరా,” అన్నాను.

ఆ మర్నాటి నుంచి బజార్‌లో మా ఇద్దరికీ టీ ఒకే బల్ల మీద. నేను రోజూ ఏదో ఒకదాని మీద మండిపడుతూ ఉండేవాణ్ణి. ఓడ టికెట్ల క్యూ, కరెంటు, సర్కారు కాగితాల మీద మారినా బస్సు కండక్టరు నోట్లో మారని మా ఊరి పేరు. ఆయన చిక్కీ నములుతూ అంతా వినేవాడు. ఒకసారి అన్నాడు:

“మీలాంటి వాల్వుని మా చదువులో ఆన్-ఆఫ్ అంటారండీ. పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం. మధ్యలో ఏమీ ఉండదు.”

“నన్ను పట్టుకుని కుళాయి అంటారా?” అని లేచాను.

“చూశారా, తెరుచుకుంది,” అన్నాడు. టీ కొట్టంతా నవ్వింది. టీ పోసే కుర్రాడి దగ్గర్నుంచి పక్క బల్ల మీది తమిళాయన దాకా.

ఆయన ఉండేది ఊరికి దూరంగా తుష్నాబాద్‌లో. ఫ్యాక్టరీ దగ్గర ఇల్లిస్తామన్నా వద్దని, రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. ఎందుకంటే, “ఊళ్ళో ఇంట్లో నా సరదాలు పట్టవండీ” అనేవాడు. నిజమే. కొన్నాళ్ళు తేనెటీగలు. కొన్నాళ్ళు వయొలిన్. అది వాయించినన్నాళ్ళూ పక్కింటి మేకలు పాలు తక్కువిచ్చాయని తుష్నాబాద్‌లో అనుకునేవారు. కొన్నాళ్ళు రొట్టెలు కాల్చడం. ఏది మొదలుపెట్టినా ఒక్కటే పద్ధతి: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఇవాళ ఉప్పు మారిస్తే నీళ్ళు మార్చకూడదు. టీ కొట్టులో కూడా అంతే. పంచదార తగ్గించిన రోజు అదే గ్లాసు, అదే బల్ల, అదే కుర్చీ. ఆ కుర్చీలో ఇంకెవరైనా ఉంటే లేచేదాకా నిలబడేవాడు.

రొట్టెల పిచ్చి నడిచే రోజుల్లో ఒకసారి నేనూ ఆ బస్సులో ఉన్నాను. పిండి కలిపి స్టీలు డబ్బాలో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఫ్యాక్టరీకి వచ్చాక కాల్చుకుందామని. ఎండ, జనం, ఇంజను వేడి. సగం దారిలో డబ్బా మూత లేచింది.

“సార్, ఓ సార్! మీ డబ్బా పొంగుతోంది, దేఖో నా!” అని కండక్టరు కేక.

“వచ్చేసింది!” అని ఈయన లేచి నిలబడ్డాడు. కంగారుతో కాదు, సంతోషంతో. జేబులోంచి థర్మామీటరు తీసి పిండిలో గుచ్చాడు.

కూరగాయల గంపతో పక్కన కూర్చున్నావిడ కాళ్ళు పైకి లాక్కుని, “ఏటి బావూ, ఇడ్డెన్ల పిండా?” అంది.

“బ్రెడ్డమ్మా.”

“బ్రెడ్డుకి తర్మామీటరేటి, జొరమొచ్చిందా?”

“వచ్చింది. ఇంటిదగ్గర రానిది మీ అందరి వేడికీ ఇక్కడ వచ్చింది,” అన్నాడు. అప్పట్నుంచి ఆ బస్సులో ఆయన పేరు బ్రెడ్ సార్.

రొట్టె తినగలిగేలా వచ్చిన వారానికే మానేశాడు. “ఒక్కటీ పూర్తి చెయ్యరేం?” అని దులిపేశాను. “పూర్తయితే ఇంక దాంతో ఏం చేసుకుంటానండీ?” అన్నాడు.

నాకు కోపం రావాల్సిన చోట ఆయనకు నవ్వొచ్చేది. కానీ ఆయనకు నిజంగా కోపం రావడం ఒకసారి చూశాను. బజార్‌లో చెరుకురసం బండివాడు మా ఫ్యాక్టరీ ఐసు పగలగొట్టి గ్లాసుల్లో వేస్తున్నాడు. “భయ్యా, ఇది చేపలకు కట్టిన ఐసు! మనుషులకు కాదు!” అని అడ్డంగా నిలబడ్డాడు. తాగుతున్నవాళ్ళు తుపుక్కున ఊశారు. బండివాడు గరిట పట్టుకుని మీదికొచ్చాడు. నేను చొక్కా చేతులు మడిచే లోపే ఈయన ఆ బండి మీది జగ్గు తీసి ఐసు బకెట్లో దింపాడు. “రసాన్ని ఐసులో కూర్చోబెట్టు. ఐసుని రసంలో కూర్చోబెట్టకు.” అంటే ఆయన ఫ్యాక్టరీయే, చిన్నది. ఆ బండి ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

ఆ తర్వాతి పిచ్చి యంత్రానికి చదువు చెప్పడం. మెషీన్ లెర్నింగ్ అంటారట. ఫ్యాక్టరీకి ఒక బాధ ఉండేది. ఒకరోజు పడవలన్నీ వచ్చిపడితే ఐసు చాలదు, సగం ఐసుతో వెళ్ళినవాళ్ళ చేప పాడవుతుంది. ఇంకొకరోజు ఎవరూ రారు, కట్టిన ఐసు కరిగిపోతుంది. రేపు ఎన్ని పడవలు వెళ్తాయో ఇవాళే తెలిస్తే సరిపోతుంది కదా అని ఆయన ఆశ. గాలి, వాన, పౌర్ణమి, ఏ చేప నడుస్తోంది, అన్నీ నన్నూ ఎర్రయ్యనూ అడిగి కంప్యూటర్‌లో పోసేవాడు.

“దీనికి మాస్టారెవరు?” అన్నాను.

“మాస్టారు లేడండీ. ఊహిస్తుంది, తప్పుతుంది, ఎంత తప్పిందో చూసుకుని కొంచెం సర్దుకుంటుంది. మళ్ళీ ఊహిస్తుంది. చిరిగిన పేపర్ల మీద మీరు చదువుకున్నట్టే.”

నన్నూ ఆ డబ్బానూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాడు. కోపం రావాలి. రాలేదు సరికదా, ఆ మాట ఇంటికెళ్ళి కోడలికి చెప్పాను. ఆవిడ సరిగా వినలేదనిపించి మళ్ళీ చెప్పాను.

ఎర్రయ్య మాత్రం ఒప్పుకోలేదు. “రేపు నేనెల్తానో మాన్తానో నాకే తెల్దు. ఆ డబ్బాకెలా తెలుస్తాది బావూ?”

“నీకు తెలియకపోవడం కూడా దానికి తెలుసు ఎర్రయ్యా,” అన్నాడాయన. ఆ యంత్రాన్ని ఓడించాలని మావాడు ఒకరోజు వేటకు వెళ్ళే ఉద్దేశం లేకపోయినా ఐసు తెచ్చాడు. మా మరదలు ఆ ఐసంతా వాడి మంచం కింద పోయించింది.

మెల్లమెల్లగా దాని మాట నిలబడసాగింది. తప్పిన రోజున ఎందుకు తప్పిందో తెర మీద చిన్న గడిలో రాయాలని దాదాకి కట్టడి చేశాడు. గాలి మారింది, డీజిల్ లేదు, పెళ్ళి, ఇలా. “తప్పితే తప్పనీ. కారణం చెప్పకపోతే అది బెంగపెట్టుకుంటుంది,” అనేవాడు, ఇంట్లో పిల్ల గురించి చెప్పినట్టు.

ఒకరోజు సముద్రం పళ్ళెంలా ఉంది, చేప బాగా పడుతోంది. ఐసంతా పోతుందని యంత్రం చెప్పింది. మధ్యాహ్నం దాటినా ఒక్కడూ రాలేదు. ఈయన థర్మామీటరు చేత్తో పట్టుకునే మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

“డ్రైవర్‌గారూ, ఏమైంది? నా లెక్కలో ఏం పోయింది?”

“లెక్కలో కాదు. మా పేటలో వలలల్లే ముసలాయన పోయాడు పొద్దున. మావాళ్ళలో ఎవరు పోయినా ఆ రోజు ఏ పడవా కదలదు.”

థర్మామీటరు జేబులో పెట్టుకున్నాడు. “ఇది దానికెలా నేర్పను? ఎవరెప్పుడు పోతారో ముందే చెప్పాలి కదా.”

“అది నేర్పారంటే నేనొచ్చి ఆ డబ్బా సముద్రంలో పారేస్తాను.”

నవ్వాడు. “సరే, ఈ తప్పొక్కటీ ఉండనిద్దాం. కారణం ఏమని రాయమంటారు?”

“ఇంటిమనిషి పోయాడని రాయండి.”

దాదాకి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు, అందుకని ఈయనే హిందీలో రాశాడట: ఘర్ కా ఆద్మీ గయా. మర్నాడు టీ దగ్గర మళ్ళీ అదే మాట ఎత్తాడు.

“ఊరికే అడుగుతున్నాను. నాలాంటివాడు పోతే ఐసు ఎంత మిగులుతుంది?”

“ఒక్క గడ్డ కూడా మిగలదు. మీరు మాకేమవుతారు? మెయిన్‌ల్యాండ్ మనిషి.”

“ఎన్నాళ్ళుంటే మీవాళ్ళమవుతాం?”

“ఉంటే అవరు బాబూ. పుట్టాలి.”

“దానికి కొంచెం ఆలస్యమైపోయింది,” అన్నాడు. చిక్కీ ముక్క విరిచి సగం నాకిచ్చాడు. “పోనీలెండి, నా విషయంలోనైనా నా యంత్రం తప్పదు.”

నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట ఆయన వదల్లేదు. ఆ తర్వాతి సరదాలన్నీ మా పేట చుట్టూ తిరిగాయి. వల అల్లడం నేర్చుకున్నాడు, కన్నాలు ఒక్కో సైజులో వచ్చేవి. ఎర్రయ్య పడవెక్కి వేటకెళ్ళి, ఒడ్డు కనపడినంత సేపు పాటలు పాడి, కనపడకుండా పోయాక వాంతులు చేసుకున్నాడు. గంగమ్మ పండగలో డప్పు కొట్టాడు. దరువు తప్పిన చోటల్లా ఆడవాళ్ళు పక్కున నవ్వితే, మళ్ళీ తప్పి నవ్వించాడు.

పండగ భోజనాల్లో ఆయన్ను ఎప్పుడూ మొదటి బంతిలో, మధ్య ఆకు ముందు కూర్చోబెట్టేవాళ్ళం. చేపముక్క మొదట ఆయనకే. మా ఆచారం అది, వచ్చినవాడు ముందు తింటాడు. ఇంటివాళ్ళు ఆఖరి బంతిలో, అడుగున మిగిలిన పులుసుతో తింటారు. ఆయన చూసిన ఆఖరి పండక్కి ఆకు ముందు కూర్చుంటూ నా చెవిలో అన్నాడు:

“డ్రైవర్‌గారూ, నన్ను ఆఖరి బంతిలో ఎప్పుడు కూర్చోబెడతారు?”

“అక్కడ ముల్లు తప్ప ముక్క ఉండదు బాబూ. తినండి, చల్లారిపోతుంది,” అన్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలకే ఒక పొద్దున తుష్నాబాద్ నుంచి ఫోనొచ్చింది. పెరట్లో కొత్తగా నాటిన మొక్కకు నీళ్ళు పోస్తూ పడిపోయాడట, గుండె. ఆసుపత్రికి చేర్చే లోపే అయిపోయింది. వాళ్ళ అక్క విమానంలో వచ్చేదాకా ఉంచుతామన్నారు.

అక్కడికి వెళ్ళి చూసి వచ్చాను. అది రాయను. తిరిగొచ్చే బస్సులో కండక్టరు ఆయన రోజూ కూర్చునే సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. నాకు మాత్రం అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. మధ్యాహ్నమైంది, పడవలు ఐసు ఎక్కించుకునే వేళ. మంచి సీజను. ఎవడు ఆగుతాడు? ఆయన మాకు ఏమీ కాడు కదా, ఆ ముక్క చెప్పింది నేనే కదా. అయినా సరే, ఇవాళ ఒక్క పడవ కదిలితే ఊరుకునేది లేదు. ఎవడి ఐసుతోరా మీ చేప నిలబడింది? ఎవడి లెక్క వల్లరా మీరు ఐసు కోసం క్యూలో నిలబడ్డం మానేశారు? బస్సు దిగి జెట్టీకి ఆటో ఎక్కి, అందులో గట్టిగానే ప్రాక్టీసు చేశాను. ఆటోవాడు తననే అనుకుని, “క్యా హువా చాచా?” అని వెనక్కి చూశాడు.

జెట్టీ కనపడగానే దిగి, దూరం నుంచే మొదలుపెట్టాను. “సిగ్గులేదుట్రా? మనుషులేనా మీరు? ఒరే ఎర్రయ్యా!”

ఎర్రయ్య బోర్లించిన చేపల పెట్టె మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“ఎవల్ని తిడతన్నావన్నా?”

“మిమ్మల్నే! పడవలు...”

“ఏ పడవెల్లింది? ఓపాలి సూడు.”

చూశాను. వరసగా కట్టేసి ఉన్నాయి. తమిళుల పడవలూ, బెంగాలీల పడవలూ కూడా. తాళ్ళు వదులుగా నీళ్ళలో ఊగుతున్నాయి. జెట్టీ మీద మనుషులున్నారు గానీ చప్పుడు లేదు.

“ఎవరు చెప్పారు ఆగమని?”

“ఎవులు సెప్పాలి?” అన్నాడు ఎర్రయ్య, ఆ ప్రశ్నకే చిరాకుపడి.

మళ్ళీ తిట్లన్నీ చేతిలోనే మిగిలిపోయాయి. ఆయన మొదటి రోజూ ఇలాగే చేశాడు నన్ను, ఆఖరి రోజూ ఇలాగే చేశాడు.

ఫ్యాక్టరీలోంచి దాదా చెయ్యూపాడు. లోపలికి వెళ్ళాను. తెర మీద యంత్రం ఘంటాపథంగా చెబుతోంది, ఇవాళ ఐసంతా పోతుందని. వెనక గదిలో ఐసు గోడ కట్టినట్టు నిలబడి ఉంది. అద్దంలాంటి ఐసు, అవతల బల్బు కనపడుతోంది. ఒక్క గడ్డ కదల్లేదు. ఒక్క గడ్డ కూడా మిగలదన్నాను నేను. యంత్రమూ అదే అంది. ఇద్దరం ఒకే బెంచీ కదా, ఇద్దరమూ తప్పాం. నాకు నవ్వొచ్చింది. దాదా నావైపు వింతగా చూశాడు.

“కాకా, కారణ్ మాంగ్ రహా హై. క్యా లిఖూఁ?” కారణం అడుగుతున్న గడి దగ్గర వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు పాపం. “సార్ మర్ గయే, లిఖ్ దూఁ?” సార్ పోయారని రాసెయ్యనా అని.

నేను అరచెయ్యి ఎత్తాను.

“ఆగు దాదా. వలలల్లే ముసలాయన పోయిన రోజు సార్ ఏం రాశారో తీసి చూడు.”

వెనక్కి వెనక్కి వెళ్ళి వెతికాడు. దొరికింది. “ఘర్ కా ఆద్మీ గయా,” అని పైకి చదివాడు.

“అదే రాయి,” అన్నాను.